ఆంగోవిల్ చర్చి కిట్‌లో బల్లలు ఎల్‌కేజీ కుర్చీలంత ఉన్నాయి: నా ఆర్డర్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే అండీ.

మే 9న మీ దగ్గర ఆన్‌లైన్‌లో ఒక చర్చి కిట్ కొన్నాను, టేబుల్ మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట, అంటే వార్‌గేమ్ కోసం, ముక్కలు అతికించి కట్టుకునేది. "ఆంగోవిల్-ఓ-ప్లాన్ చర్చి, నార్మండీ, జూన్ 1944, 28 మిల్లీమీటర్ల బొమ్మలకు, కప్పు తీసి లోపల ఆడుకోవచ్చు" అని పెట్టె మీద రాసి ఉంది. కిట్‌కి 4,850, కొరియర్‌కి 210, మొత్తం 5,060 రూపాయలు కట్టాను. ఇప్పటికి మీకు మూడు మెయిల్స్ పెట్టాను. ఒక్కదానికే జవాబు వచ్చింది, అది చదివాక చాలా బాధేసింది, అందుకే ఈసారి ఏదీ వదలకుండా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ముందు బల్లల సంగతి, ఎందుకంటే నేను ఈ కిట్ కొన్నదే వాటి కోసం.

చర్చి లోపల వేసుకోవడానికి 16 బల్లలు ఇచ్చారు. ఒకటి అతికించి పక్కన బొమ్మను నిలబెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. వెర్నియర్ పెట్టి కొలిచాను. కూర్చునే పలక నేల నుంచి 5 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, దాని వెడల్పు 4 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్ల బొమ్మలంటే స్కేలు సుమారు 1:56, ఆ అంకె మీరే పెట్టె మీద వేశారు. 5ని 56తో గుణిస్తే 28 సెంటీమీటర్లు వస్తుంది. అది ఎల్‌కేజీ పిల్లలు కూర్చునే కుర్చీ ఎత్తు. పెద్దవాళ్ళు కూర్చునే బల్ల 45 సెంటీమీటర్లు ఉంటుంది, ఆ లెక్కన ఇక్కడ 8 మిల్లీమీటర్లు రావాలి. తలుపు మాత్రం 40 మిల్లీమీటర్లు ఉంది, అంటే అసలులో 2 మీటర్ల 24 సెంటీమీటర్లు, అది సరిగ్గానే ఉంది. గోడలు, కిటికీలు కూడా అంతే. బల్లలు ఒక్కటే కురచగా ఉన్నాయంటే 15 మిల్లీమీటర్ల బొమ్మలకు, అంటే 1:100 స్కేలుకు గీసిన ఫైలు పొరపాటున ఈ సెట్‌లో కలిసిపోయిందని నా అనుమానం. అదే అయితే సరిచేయడం మీకు పెద్ద పనేమీ కాదు.

నా మొదటి మెయిల్‌లో ఇదే రాశాను. మీరిచ్చిన జవాబు ఇది: "ఇది వార్‌గేమ్ సీనరీ, మ్యూజియం మోడల్ కాదు. గేమ్‌లో చర్చిని కవర్ కోసం, టవర్ మీద స్నైపర్‌ని పెట్టడానికి వాడతారు. బల్లల సైజు ఆటకు అడ్డు రాదు."

అండీ, మిగతా చర్చిలకు ఆ మాట చెల్లుతుందేమో. ఈ చర్చికి చెల్లదు. మీరు పెట్టె మీద వేసిన పేరు ఏ చర్చిదో మీకు తెలిసి ఉంటే ఆ వాక్యం రాసేవారు కాదు.

ఆంగోవిల్ ఫ్రాన్స్‌లోని నార్మండీలో, కారెంటాన్ అనే పట్టణానికి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, పారాచూట్లతో దిగిన అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కి చెందిన రాబర్ట్ రైట్, కెన్నెత్ మూర్ అనే ఇద్దరు మెడిక్స్, అంటే వైద్య సహాయకులు, గాయపడినవాళ్ళను ఈ చర్చిలోకి చేర్చడం మొదలుపెట్టారు. ఊరు ఒకసారి అమెరికన్ల చేతిలో, ఇంకోసారి జర్మన్ల చేతిలో. అమెరికన్ సైనికులు వెనక్కి తగ్గాల్సి వచ్చినప్పుడు కూడా ఈ ఇద్దరూ గాయపడినవాళ్ళను వదిలి వెళ్ళలేదు. వాళ్ళు పెట్టుకున్న నియమం ఒక్కటే, ఆయుధాలు గుమ్మం బయటే ఉండాలి. లోపల అమెరికన్లు ఉన్నారు, జర్మన్లు ఉన్నారు, ఊళ్ళోని ఒక పసివాడు కూడా ఉన్నాడు, అందరూ కలిపి దాదాపు 80 మంది. ఒక జర్మన్ అధికారి లోపలికి వచ్చి, తన మనుషులకు కూడా అక్కడ కట్లు కడుతున్నారని కళ్ళారా చూసి, వాళ్ళ జోలికి పోకుండా వెళ్ళిపోయాడు. ఒక మోర్టార్ గుండు కప్పు చీల్చుకుని లోపల పడింది, కానీ పేలలేదు. అది పడ్డ చోట నేల పలక పగిలి ఉంటుంది. ఇక ఆ గాయపడినవాళ్ళందరినీ ఎక్కడ పడుకోబెట్టారు అంటే, ఈ బల్లల మీదే. చెక్కలోకి ఇంకిన రక్తపు మరకలు ఈరోజుకీ ఆ బల్లల మీద కనిపిస్తాయి. ఇన్నేళ్ళయినా ఆ ఊరివాళ్ళు వాటిని తీసి పారేయలేదు.

కాబట్టి ఆంగోవిల్ చర్చి అని పేరు పెట్టి అమ్మినప్పుడు బల్లలే అసలు వస్తువు, గోడలు వాటిని కప్పే పెట్టె.

మేము ఐదుగురం సికింద్రాబాద్‌లో నెలకు రెండు ఆదివారాలు కలిసి ఆడతాం. ఈసారి జూన్ 6 దగ్గర పడే ఆదివారానికి ఒక గేమ్ రాసుకున్నాం. ఇందులో చర్చిని ఎవరూ పట్టుకోకూడదు, లోపల నుంచి ఎవరూ కాల్చకూడదు, గాయపడిన బొమ్మ ఏ పక్షానిదైనా సరే గుమ్మం దాకా చేర్చి లోపల పడుకోబెడితే ఆ పక్షానికి పాయింట్లు వస్తాయి. దానికోసం పడుకున్న బొమ్మలు 12 విడిగా కొన్నాను. ఈ బొమ్మల భుజాలు కాస్త వెడల్పుగానే పోత పోస్తారు, 8, 9 మిల్లీమీటర్ల బల్ల మీద పెడితే చేతులు కొద్దిగా బయటికి వస్తాయి కానీ నిలుస్తాయి. మీ 4 మిల్లీమీటర్ల బల్ల మీద పెడితే టేబుల్‌కి మోచెయ్యి తగిలినా దొర్లి కింద పడుతున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా అమ్మ 31 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైర్ అయింది. నేను బొమ్మలకు రంగులేస్తుంటే ఎప్పుడూ పెద్దగా పట్టించుకునేది కాదు, ఈ చర్చి కథ చెప్పాక మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఒక బల్ల మీద మరక వేద్దామని ఎర్ర రంగు తీస్తే, "అది కాదురా, చెక్కలోకి ఇంకి ఆరిపోయిన రక్తం ఎర్రగా ఉండదు, నల్లగా, కాఫీ డికాక్షన్ ఒలికినట్టు ఉంటుంది, అంచు మాత్రం కొంచెం ముదురుగా ఉంటుంది" అంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో చుక్క నలుపు కలిపి, బాగా నీళ్ళగా చేసి వేశాను, చెక్క గీతల వెంట పాకి సరిగ్గా అమ్మ చెప్పినట్టే వచ్చింది. ఇంతా చేసి పక్కన మెడిక్ బొమ్మ పెడితే బల్ల అతని మోకాలి దాకా కూడా రావడం లేదు. అమ్మే అడిగింది, "ఇంత కింద పడుకోబెడితే వాడు కట్టు ఎలా కడతాడు?" అని. "ఆటకు అడ్డు రాదు" అన్న మీ జవాబు ఆవిడకు ఏ ముఖం పెట్టుకుని చదివి వినిపించను?

ఇక గోడలు. మీరు పెట్టెలో ఇచ్చిన కాగితంలో మూడో స్టెప్ ఇలా ఉంది: గోడల బయటి వైపు సగానికి సగం నీళ్ళు కలిపిన ఫెవికాల్ పూసి, సన్న ఇసుక చల్లి, రాత్రంతా ఆరనివ్వాలి, తర్వాత ప్రైమర్ వేయాలి. నేను అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. పొద్దున్న లేచి చూస్తే 320 మిల్లీమీటర్ల పొడవున్న రెండు పక్క గోడలూ చివరలు బయటి వైపుకి లేచి విల్లులా వంగాయి. స్కేలు ఆనించి చూస్తే మధ్యలో 6 మిల్లీమీటర్ల సందు ఉంది. ఈ కిట్ ఎండీఎఫ్‌ది, అంటే చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు, దానికి నీళ్ళు పడవని ఇంట్లో కప్‌బోర్డులు చేయించుకున్న ఎవరికైనా తెలుసు. అందులోనూ ఒక్కవైపే తడిపితే ఆ వైపు పీచు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ఫెవికాల్ పొర బిగుసుకుని బోర్డుని తనవైపు లాక్కుంటుంది. నా తప్పేమో అన్న అనుమానం లేకుండా చేసుకుందామని, ముక్కలు విడదీశాక మిగిలిన ఫ్రేమ్ లోంచి ఒకే కొలతలో రెండు పట్టీలు కోసి చూశాను. ఒకటి మీ కాగితంలో చెప్పినట్టే చేశాను. రెండోదానికి ముందు రెండు వైపులా, అంచులకు కూడా, స్ప్రే ప్రైమర్ కొట్టి ఆరాక అదే ఫెవికాల్, అదే ఇసుక వేశాను. మొదటిది వంగింది, రెండోది బల్లపరుపుగా ఉంది. ఫోటోలు జత చేశాను, పక్కన స్కేలు పెట్టే తీశాను. కాగితంలో రెండే రెండు వాక్యాలు మారిస్తే ఇంకెవరి గోడలూ పాడవవు: నాలుగు గోడలూ ముందు అతికించండి, రెండు వైపులా ప్రైమర్ వేశాకే ఇసుక పని మొదలుపెట్టండి. మొదటిసారి కొన్నవాళ్ళు ఆ కాగితాన్నే నమ్ముకుని చేస్తారు కదా.

బోర్డు మందం కూడా ఒకసారి చూసుకోండి. గాడులు 3 మిల్లీమీటర్లకు కోశారు, వచ్చిన బోర్డు 2.6 ఉంది, మూలలు వదులుగా ఊగుతున్నాయి. అట్టముక్కలు దూర్చి నెట్టుకొచ్చాను. గంట గోపురం మీది శిలువ విరిగి వచ్చింది, అది కొరియర్‌లో జరిగి ఉంటుంది, అతికించుకున్నాను, దాని గురించి గొడవ లేదు.

కప్పు విషయం మాత్రం గొడవే. "కప్పు తీసి లోపల ఆడుకోవచ్చు" అని రాశారు, కానీ కప్పు పలకల చివర ఉన్న నాలుగు నాలుకలు ముందు వెనక గోడల గాడుల్లోకి అడ్డంగా దూరతాయి. గోడలు అతికించాక కప్పు పైకి రానే రాదు. ఆ నాలుకలు నేనే రంపంతో కోసేశాను. ఇప్పుడు కప్పు వస్తోంది, కానీ పట్టు లేక కొంచెం తగిలితే జారిపోతోంది. లోపలి వైపు అంచు నుంచి 3 మిల్లీమీటర్లు వదిలి రెండు పట్టీలు అతికించేలా ఇస్తే కప్పు మూతలా కూర్చుంటుంది, గాడులే అక్కర్లేదు.

కిటికీలకు ఇచ్చిన రంగుల షీటు చాలా అందంగా ఉంది, కానీ దాని మీద పారాచూట్లు ఉన్నాయి. అవి రైట్, మూర్ చేసిన పనికి గుర్తుగా యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ళకు పెట్టిన అద్దాలు. జూన్ 1944 అని పెట్టె మీద వేసి, ఆ జూన్‌లో జరిగిన దానికి జ్ఞాపకంగా తర్వాత పెట్టిన అద్దాన్ని అదే జూన్‌లో ఎలా పెడతాం? ఈ షీటు ఇవ్వండి, వద్దనను, ఇప్పటి చర్చి చేసుకునేవాళ్ళకు పనికొస్తుంది. దాంతోపాటు మామూలు అద్దాల షీటు ఇంకొకటి పెట్టండి చాలు.

మంచి ఉన్నచోట మంచి కూడా చెప్పాలి. నేల పలక మీద లేజర్‌తో చెక్కిన బండల గీతలు చాలా బాగున్నాయి. బూడిద రంగు వేసి, పైన లేత రంగు డ్రై బ్రష్ చేస్తే, అంటే దాదాపు ఆరిన కుంచెతో పైపైన రుద్దితే, ఒక్కో బండా విడివిడిగా తేలింది. వాటిలో ఒక పలకను సూదితో గీసి పగిలినట్టు చేశాను, సరిగ్గా దాని పైన కప్పులో చిన్న చిల్లు పెట్టాను. కప్పు మూసి పైనుంచి టార్చి కొడితే వెలుగు ఆ పగిలిన పలక మీదే పడుతుంది. మీ నేల అంత శుభ్రంగా కోయబట్టే అది కుదిరింది. ఇంత బాగా చేయగలిగినవాళ్ళు బల్లల దగ్గర ఎందుకు వదిలేశారా అన్నదే నా బాధ.

నాకు కావలసినవి చెబుతున్నాను. 1:56 స్కేలులో, కూర్చునే పలక 8 మిల్లీమీటర్ల ఎత్తు, 8 నుంచి 9 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేలా కోసిన 16 బల్లలు, రెండు పక్క గోడలు, కొత్త కప్పు. వీటిని మీ ఖర్చుతో మే 31 లోపు పంపండి. పంపలేమంటే కిట్ మొత్తం వెనక్కి తీసుకుని 5,060 రూపాయలు తిరిగి ఇవ్వండి. రంగులేసిన వస్తువు వెనక్కి తీసుకోలేమని దయచేసి అనకండి, రంగులేసి కట్టుకోమనే కదా అమ్మారు, పైగా గోడలు పాడైంది మీ కాగితం ప్రకారం చేయడం వల్లే.

ఇంకొక్క విషయం. ఈ-కామర్స్ మీద 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం మీ గ్రీవెన్స్ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. నా రెండో, మూడో మెయిల్స్‌కి అందినట్టు కూడా చెప్పలేదు. ఈ లేఖ నేరుగా ఆ అధికారికే పంపుతున్నాను. స్పందన లేకపోతే ముందు 1915 హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే చోటే వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. అక్కడిదాకా వెళ్ళాలని నాకు లేదు. నాకు కావలసింది బల్లలు.

ఫోటోలు 7, బిల్లు కాపీ, కొలతలు రాసిన కాగితం జత చేశాను. ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం 6 దాటాక చేయండి, ఆర్డర్ వివరాల్లో నంబర్ ఉంది. కోసే ముందు కొలతల మీద ఏ సందేహం ఉన్నా అడగండి, గీసి పంపిస్తాను. మొదట రంగులేసిన ఆ ఒక్క బల్లను మాత్రం పారేయను, కొత్తవి వచ్చాక అమ్మ చెప్పిన ఆ రంగు కలపడానికి శాంపిల్‌గా ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సికింద్రాబాద్