మేయర్ గారికి బహిరంగ లేఖ: ప్రార్థనలో మాకు వంతు వద్దు

గౌరవనీయులైన మేయర్ గారికి,

సిటీ కౌన్సిల్ మీటింగుకి ముందు చేసే ప్రార్థనకు ఇకమీదట అన్ని మతాలవాళ్లనూ వంతులవారీగా పిలుస్తామని, అందులో మా గుడి పూజారి గారికీ చోటు ఉంటుందని మీరు ప్రకటించారు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది సంతోషించారు. వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు. మీ ఉద్దేశం మంచిదేనని నేనూ నమ్ముతున్నాను. అయినా ఈ వంతు మాకు వద్దనీ, ఆ ప్రార్థననే అజెండా నుంచి తీసేయమనీ అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు పంపాను. తెలుగులో కూడా రాయడం ఎందుకంటే, ఈ విషయం మీతో ఎంత మాట్లాడాలో మావాళ్లతోనూ అంతే మాట్లాడాలి.

నేను దేవుణ్ణి నమ్ముతాను. పొద్దున్నే దీపం పెట్టకుండా ఇంట్లోంచి బయటికి రాను. ప్రార్థన అంటే చిన్నచూపు ఉండి ఈ మాట అంటున్నానని ఎవరూ అనుకోవద్దు.

మీ మీటింగుకి ఎవరు వస్తారో మీకు నాకన్నా బాగా తెలుసు. ఇంటి వెనక ఇంకో గది వేసుకోవడానికి జోనింగ్ మినహాయింపు కావలసినవాళ్లు వస్తారు. చిన్న రెస్టారెంట్ తెరవడానికి పర్మిట్ అడిగేవాళ్లు, బడి దగ్గర కార్లు మరీ స్పీడుగా పోతున్నాయని మొరపెట్టుకునేవాళ్లు వస్తారు. వాళ్ల పని అవుతుందా లేదా అన్నది ఎదురుగా కూర్చున్న కౌన్సిల్ సభ్యుల ఓట్ల మీద ఆధారపడి ఉంటుంది. అలా టెన్షన్‌తో కూర్చున్న మనిషికి మైకులో మొదట వినిపించే మాట “దయచేసి అందరూ లేచి నిలబడండి, తలలు వంచండి” అని. తనది కాని ప్రార్థన అయినా ఆ మనిషి లేచి నిలబడతాడు. నిలబడకపోతే పని చెడుతుందేమోనన్న భయం చాలు. మీరు అలాంటివారు కాకపోవచ్చు, కానీ ఆ సంగతి అతనికి ఎలా తెలుస్తుంది?

అమెరికా సుప్రీంకోర్టులో కూడా వాదన ఈ ప్రశ్న దగ్గరికే వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ పక్కన గ్రీస్ అనే టౌన్ ఉంది. 1999 నుంచి అక్కడ నెలనెలా జరిగే బోర్డు మీటింగులు ప్రార్థనతో మొదలయ్యేవి. 2007 దాకా ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లందరూ క్రైస్తవులే. ఒక యూదు మహిళ, ఒక నాస్తికురాలు అభ్యంతరం చెప్పాక 2008లో కొన్ని మీటింగులకు ఒక యూదుణ్ణి, బహాయీ మతస్థుణ్ణి, విక్కన్ (ప్రకృతిని ఆరాధించే ఒక కొత్త మతం) పూజారిణిని పిలిచారు. ఆ ఏడాది దాటగానే మళ్లీ అందరూ క్రైస్తవ మతాచార్యులే. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 మే 5న కోర్టు 5-4 తేడాతో టౌన్‌కి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. పెద్దవాళ్లకు నచ్చని మాటలు చెవిన పడటం మామూలే, ఇష్టం లేనివాళ్లు బయటికి వెళ్లవచ్చు, ఆలస్యంగా రావచ్చు అని జస్టిస్ కెన్నెడీ రాశారు.

అంటే చట్టం మీ వైపే ఉంది. దాన్ని నేను కాదనడం లేదు. కానీ ఆ తీర్పుతో విభేదిస్తూ జస్టిస్ ఎలెనా కేగన్ రాసిన భాగం కూడా మీరు చదవాలి. ఒక ముస్లిం పౌరురాలు ఏదో పని మీద టౌన్ బోర్డు ముందుకి వచ్చిందనుకోండి అంటారామె. అందరూ తల వంచి ఏసుక్రీస్తు పేరిట ప్రార్థిస్తుంటే ఆమె ముందు ఉన్న దారులు రెండే: తనకు నమ్మకం లేని ప్రార్థనలో కలిసిపోవడం, లేదా తాను వేరని అందరి ముందూ బయటపెట్టుకోవడం. ఏ పౌరురాలికీ ప్రభుత్వం ఈ ఇరకాటం తెచ్చిపెట్టకూడదన్నది ఆమె వాదన. కేగన్ కూడా అన్ని మతాలనూ కలుపుకొని చేసే ప్రార్థనను తప్పు పట్టలేదు. అక్కడ ఆమెకన్నా నేను ఒక అడుగు ముందుకు వెళ్తున్నాను. అయితే ఆ గదిలో కూర్చున్న మనిషి పరిస్థితిని ఆమె చూసినట్టు ఆ తీర్పు చూడలేదు.

ఇదే దేశంలో ఇంతకు ముందు ప్రార్థనను సమర్థిస్తూ వచ్చిన తీర్పు 1983లో నెబ్రాస్కా రాష్ట్ర శాసనసభ గురించి. అక్కడ చాప్లిన్ (సభ నియమించుకున్న మతాచార్యుడు) ప్రార్థన చేసేది శాసనసభ్యుల కోసం. ప్రజలు గ్యాలరీలో కూర్చుని చూసేవాళ్లు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్‌లోనూ అంతే. మీ కౌన్సిల్ మీటింగు అలాంటిది కాదు. గది చిన్నది. లేచి బయటికి వెళ్లేవాళ్లు మీ కళ్లెదుటే వెళ్లాలి. ప్రార్థన చేసే ఆయన మీ వైపు కాకుండా మా వైపు తిరిగి నిలబడతారు. బయటికి వెళ్లవచ్చన్న స్వేచ్ఛ కాగితం మీద బాగానే ఉంది. మిషిగన్‌లో జాక్సన్ కౌంటీ మీద కేసు వేసిన ఒకాయన, తాను అభ్యంతరం చెప్తుంటే ఒక కమిషనర్ కుర్చీ తిప్పుకుని వీపు చూపించాడని కోర్టుకు చెప్పుకున్నారు. 2017లో అప్పీలు కోర్టు కౌంటీ వైపే మొగ్గింది. అదే ఏడాది నార్త్ కరోలినాలోని రోవన్ కౌంటీలో కమిషనర్లే స్వయంగా ప్రార్థన చేయడం చెల్లదని ఇంకో అప్పీలు కోర్టు చెప్పింది. చట్టం ఇంకా పూర్తిగా తేలలేదు. తేలిందాకా ఆగాల్సిన పని మీకు లేదు.

ఇక వంతుల సంగతి. అందరికీ వంతు ఇస్తే సమస్య తీరిపోతుందని మీరు అనుకున్నారు. మావాళ్లూ అదే అనుకుంటున్నారు.

2000 సెప్టెంబర్ 14న అమెరికా ప్రతినిధుల సభలో మొదటిసారి హిందూ ప్రార్థన జరిగింది. ఒహాయోలోని పార్మా గుడి అర్చకులు సముద్రాల వెంకటాచలపతి గారు దాన్ని చేశారు. వాజ్‌పేయి గారు కాంగ్రెస్‌ను ఉద్దేశించి ప్రసంగించిన రోజు అది. తెలుగువాళ్లకు అది గర్వంగా అనిపించడం సహజం, నాకూ అనిపించింది. ఏడేళ్ల తర్వాత, 2007 జూలై 12న, సెనేట్‌లో రాజన్ జెడ్ అనే హిందూ మతాచార్యులు ప్రార్థన మొదలుపెడుతుంటే గ్యాలరీలోంచి కేకలు వేసి అడ్డుకున్నారు. ముగ్గుర్ని అరెస్టు చేయాల్సి వచ్చింది. 2015లో ఐడహో రాష్ట్ర సెనేట్‌లో ఆయనే ప్రార్థన చేసినప్పుడు ముగ్గురు సెనేటర్లు ఆ కాసేపూ సభలోకి రాలేదు. ఆ ముగ్గురినీ నేను తప్పు పట్టలేను. తమది కాని ప్రార్థనకు నిలబడటం వాళ్లకు ఇష్టం లేదు. అది వాళ్ల హక్కు. వాళ్లు సెనేటర్లు కాబట్టి ఆ హక్కును భయం లేకుండా వాడుకున్నారు. పర్మిట్ కోసం వచ్చిన మనిషికి ఆ ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది?

వంతుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరిని పిలవాలి, ఎవరిని వద్దనాలి అనేది ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని మీ మీద పడుతుంది. ఫ్లోరిడాలో బ్రెవార్డ్ కౌంటీ కమిషనర్లు అలాగే తేల్చారు. వాళ్లు ఒకే దేవుణ్ణి కొలిచే కొన్ని ఏకేశ్వర మతాలవైపు మొగ్గు చూపి, మిగతా నమ్మకాలవాళ్లను అసలు లెక్కలోకే తీసుకోలేదని 2019లో అప్పీలు కోర్టు చెప్పి, ఆ పద్ధతి చెల్లదంది. ఏకేశ్వర మతాలకు మొగ్గు అంటే ముప్పై మూడు కోట్ల దేవతలు అని ఎగతాళికి గురయ్యే మనకు అందులో చోటెక్కడో మావాళ్లు ఆలోచించాలి. ఇవాళ మన పూజారి గారిని పిలిచిన కౌన్సిల్ ఇలాగే ఉండిపోదు. రేపు ఎన్నికల్లో మారిపోవచ్చు. వంతు అనేది హక్కు కాదు, ఆ సమయానికి కుర్చీలో ఉన్నవాళ్లు ఇచ్చిన అనుమతి.

వంతును నిజంగా అందరికీ ఇస్తే ఏమవుతుందో ఫీనిక్స్‌లో చూశాం. 2016లో అక్కడి సిటీ కౌన్సిల్ ప్రార్థనకు సాతాను పేరు పెట్టుకున్న సాతానిక్ టెంపుల్ అనే సంస్థ వాళ్ల పేరు జాబితాలోకి వచ్చింది. వాళ్లను రానివ్వడం ఇష్టం లేక, వద్దంటే కోర్టు భయమై, కౌన్సిల్ 5-4 ఓట్లతో ప్రార్థన తీసేసి మౌనం పాటించాలని తీర్మానించింది. నెల తిరగకముందే మళ్లీ మార్చి, పోలీసు, ఫైర్ డిపార్ట్‌మెంట్ల చాప్లిన్లతో ప్రార్థన చేయించాలని నిర్ణయించారు. రోడ్ల గురించీ మంచినీళ్ల గురించీ మాట్లాడాల్సినవాళ్లు ఎవరి దేవుడు ఆమోదయోగ్యమో ఓట్లు వేసుకున్నారు. ఏ భక్తుడికైనా ఇది బాధ కలిగించాలి.

మావాళ్లు ఒక మాట అంటారు: “మన దేశంలో అయితే ఏ పని అయినా పూజతోనే మొదలుపెడతాం కదా, ఇక్కడ ఎందుకు వద్దనాలి?” వాళ్లకు 1949 అక్టోబర్ 17 గుర్తు చేయాలి. ఆ రోజు ఢిల్లీలో రాజ్యాంగ సభ పీఠికను చర్చించింది. దేవుడి పేరుతో పీఠిక మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. అధ్యక్ష స్థానంలో ఉన్న రాజేంద్ర ప్రసాద్ గారు భక్తుడని అందరికీ తెలుసు. సభలో ఎక్కువమంది ఏదో ఒక దేవుణ్ణి నమ్మేవాళ్లే. దేవుడి మీద ఓటు వేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను వేడుకున్నారు. నమ్మకం విషయంలో బలవంతం కూడదని పట్టం థాను పిళ్లై అన్నారు. ఓటింగు జరిగింది; అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. సవరణ వీగిపోయింది. దేశం మతం పేరుతో చీలి, నెత్తురు పారి రెండేళ్లే అయింది అప్పటికి. ఆ సభలో కూర్చున్నవాళ్లకు తమ బాధ్యత ఏమిటో తెలుసు. పార్లమెంటు సమావేశాలు అప్పుడూ ఇప్పుడూ ప్రార్థనతో మొదలవవు. అందువల్ల భారతదేశంలో భక్తి తగ్గిందని ఎవరైనా అనగలరా?

మీ పక్కనున్నవాళ్లు ఇది అమెరికా పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారమని చెప్తారు. సగం నిజం. 1774లో కాంటినెంటల్ కాంగ్రెస్‌లో, అంటే స్వాతంత్ర్యానికి ముందు వలస ప్రాంతాల ప్రతినిధుల సభలో, ప్రార్థన ప్రతిపాదన వచ్చినప్పుడు, మనలో రకరకాల క్రైస్తవ శాఖలవాళ్లు ఉన్నారంటూ జాన్ జే అభ్యంతరం చెప్పారు. శామ్యూల్ ఆడమ్స్ నచ్చజెప్పాక ప్రార్థన జరిగింది. 1787లో రాజ్యాంగ సమావేశంలో రోజూ ప్రార్థన చేద్దామని బెంజమిన్ ఫ్రాంక్లిన్ అడిగితే సభ ఒప్పుకోలేదు. ముగ్గురు నలుగురు తప్ప మిగతావాళ్లు ప్రార్థన అక్కర్లేదనుకున్నారని ఆయనే తన కాగితం మీద రాసుకున్నారు. 1789లో మొదటి కాంగ్రెస్ చాప్లిన్లను జీతానికి పెట్టుకుంది, అదీ నిజమే. రాజ్యాంగాన్ని మలచిన జేమ్స్ మాడిసన్ తర్వాత రోజుల్లో ఆ పద్ధతి సమాన హక్కులకు విరుద్ధమని రాశారు. ఈ దేశపు పెద్దలు ఈ విషయంలో మొదటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. మీరు ఏ వైపు నిలబడినా వాళ్లలో కొందరు మీతో ఉంటారు.

పక్కనున్న కెనడాలో ఇది తేలిపోయింది. క్విబెక్‌లోని సాగ్నే పట్టణంలో మేయర్ మీటింగుకి ముందు ప్రార్థన చేసేవారు. ప్రార్థనకీ మీటింగుకీ మధ్య రెండు నిమిషాల ఖాళీ పెట్టి, ఇష్టం లేనివాళ్లు ఆలోపు లోపలికి రావచ్చన్నారు. 2015 ఏప్రిల్ 15న కెనడా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఆ ప్రార్థన ఆపమన్నారు. ఆ రెండు నిమిషాల గడువే ఎవరు నమ్ముతారో ఎవరు నమ్మరో బయటపెడుతోందని వాళ్లు గమనించారు. బ్రిటన్‌లో మాత్రం 2012లో బైడ్‌ఫర్డ్ టౌన్ కౌన్సిల్ ప్రార్థన చట్టబద్ధం కాదని హైకోర్టు అంటే, 2015లో పార్లమెంటు చట్టం మార్చి కౌన్సిళ్లకు ఆ అధికారం ఇచ్చింది. ఒక్కో దేశం ఒక్కోలా తేల్చుకుంది.

మా పూజారి గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన గుడిలో మంత్రం చదివితే విన్నవాళ్లు దణ్ణం పెడతారు, అర్థం తెలిసినా తెలియకపోయినా. మీ మీటింగులో ఆయనకు ఒకటి రెండు నిమిషాలు ఇస్తారు. ఎవరికీ నొప్పి కలగకుండా, ఏ దేవుడి పేరూ గట్టిగా ఎత్తకుండా, ఇంగ్లీషులో అందరికీ పనికొచ్చేలా మాట్లాడమని ముందే చెప్తారు. అలా పలచబరిచిన ప్రార్థన మాకూ దక్కదు, వినేవాళ్లకూ దక్కదు. మా నమ్మకాన్ని నిండుగా పాటించుకోవడానికి మాకు గుడి ఉంది, ఇల్లు ఉంది. కౌన్సిల్ దగ్గర మాకు కావలసింది వేరు: మా అర్జీ మీద మీరు ఓటు వేసేటప్పుడు, నేను తల వంచానా లేదా అన్న విషయం మీ దగ్గర అసలు లేకపోవడం.

కాబట్టి నేను అడిగేవి ఇవి. ప్రార్థనను అజెండా నుంచి తీసేయండి. మీటింగు మొదట్లో కాసేపు మౌనం ఉంచాలనుకుంటే ఉంచండి, కానీ ఎవరినీ లేచి నిలబడమని, తల వంచమని అడగవద్దు. ప్రార్థించేవాళ్లు మనసులో ప్రార్థించుకుంటారు, మిగతావాళ్లు తమ కాగితాలు చూసుకుంటారు. కౌన్సిల్ సభ్యుల్లో ఎవరికైనా కలిసి ప్రార్థన చేసుకోవాలనుంటే మీటింగుకి ముందు, జనం లేని చోట, కౌన్సిల్ పనితో సంబంధం లేకుండా చేసుకోవచ్చు. దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇదంతా ఒక్కసారిగా కుదరదంటే, కనీసం “అందరూ లేవండి” అన్న మాటను వచ్చే మీటింగు నుంచే ఆపండి. దానికి తీర్మానం కూడా అక్కర్లేదు, మీరు అనకపోతే చాలు.

తెలుగు సంఘం పెద్దలకు కూడా ఒక విన్నపం. మన పూజారి గారికి వచ్చిన ఆహ్వానాన్ని గౌరవంగా వద్దనమని ఆయనతో మీరు మాట్లాడండి. మనం వంతు తీసుకున్నాక, వంతు లేనివాళ్ల తరఫున మాట్లాడే అర్హత మనకు మిగలదు. ఈ ఊళ్లో ఏ గుడీ, చర్చీ, మసీదూ లేనివాళ్లు ఉన్నారు. వాళ్లనూ ఈ కౌన్సిల్ పాలిస్తోంది.

వచ్చే మీటింగులో పబ్లిక్ కామెంట్ సమయానికి నేను వస్తాను. ఈ విషయాన్ని అజెండాలో చర్చకు పెట్టమని అక్కడ కూడా అడుగుతాను. అప్పటికి మీ జవాబు సిద్ధంగా ఉంటే బాగుంటుంది.

ఇట్లు,
మీ ఊరి పౌరురాలు