ఎస్టిమేట్ సరే, ఎం-బుక్ ఏది?

కాలిఫోర్నియా లెజిస్లేటివ్ ఎనలిస్ట్ గారికి, రాష్ట్ర ఆర్థిక శాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. పౌరసత్వం వచ్చినప్పటి నుంచి ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు. 2024 నవంబర్ ఎన్నికల ముందు మా నాన్నగారు మా దగ్గరే ఉన్నారు. ఆయన గుంటూరు జిల్లాలో ఇరిగేషన్ శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేసి రిటైరయ్యారు. ఆయనకు ఇక్కడ ఓటు లేదు. అయినా ఒకరోజు సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద ఉన్న ఓటర్ గైడ్ (ఎన్నికల ముందు రాష్ట్రం ఓటర్లకు పంపే పుస్తకం) తీసుకుని, అందులో ప్రజల ఓటుకు పెట్టిన పది చట్ట ప్రతిపాదనలూ వరసగా చదివారు. ప్రతిదాంట్లోనూ ఆర్థిక ప్రభావం అన్న చోట ఆగి, పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు. చివర్లో కళ్లజోడు తీసి అడిగారు: "ఎస్టిమేట్లు బాగానే వేశారమ్మా. ఎం-బుక్ ఏది?"

ఈ లేఖ రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇంగ్లిష్ ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడం ఎందుకంటే, ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లు కూడా ఇది మీతోపాటు చదవాలి. మన ఊళ్లలో చట్టం చేసేది అసెంబ్లీ, పార్లమెంటు మాత్రమే. ఇక్కడ 1911 నుంచి మామూలు పౌరులు కూడా చట్టం రాసి, సంతకాలు సేకరించి, నేరుగా ఓటింగ్‌కు పెట్టొచ్చు. ఆ చట్టం వల్ల ఖజానాకు ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని లెక్క కట్టి చెప్పాల్సిన బాధ్యత చట్టసభకు సలహాలిచ్చే ఎనలిస్ట్ ఆఫీసు, గవర్నర్ కింద పనిచేసే ఆర్థిక శాఖ, మీ ఇద్దరిదీ.

ఎం-బుక్ సంగతి కూడా చెప్పాలి. దాని పూర్తి పేరు మెజర్‌మెంట్ బుక్. కాలువ పూడిక తీసే పనికి ముందు ఎస్టిమేట్ వేస్తారు. పని అయ్యాక ఇంజనీరు స్వయంగా వెళ్లి, టేపు పట్టి కొలిచి, ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారో ఆ పుస్తకంలో రాయాలి. దాంట్లో చెరపడాలు ఉండవు. తప్పు పడితే అడ్డంగా కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాలి. ఎస్టిమేట్‌లో ఎంత ఉన్నా బిల్లు పాసయ్యేది ఎం-బుక్‌లో కొలతను బట్టే. రెండింటికీ తేడా వస్తే డీవియేషన్ స్టేట్‌మెంట్ రాసి కారణం చెప్పాలి. నాన్నగారు ముప్పై ఏళ్లు ఈ పనే చేశారు. ఆయన దృష్టిలో కొలత లేని ఎస్టిమేట్ సగం పనే.

మీ పని ఎంత కష్టమో నాకు తెలియక కాదు. రెండు వేల డాలర్ల ఫీజు కట్టి ఎవరైనా ప్రతిపాదన ఇవ్వొచ్చు. అది అటార్నీ జనరల్ ఆఫీసుకు చేరిన 50 రోజుల్లోపు మీరు అంచనా ఇచ్చేయాలి. ప్రతిపాదన పెట్టినవాళ్లు సవరణలు చేసుకునే 35 రోజుల గడువు కూడా అందులోనే కలిసిపోతుంది. అంటే తుది పాఠం చేతికొచ్చాక మీకు ఒక్కోసారి రెండు వారాలే మిగులుతాయి. ఇంతవరకూ ఎక్కడా అమలు కాని చట్టానికి రెండు వారాల్లో లెక్క కట్టడం మాటలు కాదు. అంచనా అంచుల్లో అటూ ఇటూ పోతే మిమ్మల్ని తప్పుపట్టను.

కానీ ఆ ఒక్క వాక్యం ఎంత దూరం వెళ్తుందో చూడండి. మా ఇంటి దగ్గర ఇండియన్ కిరాణా షాపు ముందు సంతకాలు తీసుకునే కుర్రాడు ఒకడు నిలబడేవాడు. ట్యాక్స్ పెరుగుతుందా అని అడిగితే, కాగితం పైన మీ అంచనా ఉన్న లైను చూపించాడు. "ఇది మేం చెప్పింది కాదు, గవర్నమెంట్ చెప్పింది" అన్నాడు. తర్వాత అదే అంచనా ఓటర్ గైడ్‌లోకి వస్తుంది. ఇంకా కుదించి బ్యాలెట్ పేపర్ మీదకీ ఎక్కుతుంది. అక్కడ మొత్తం 75 పదాలకు మించకూడదు, డబ్బు సంగతి కూడా అందులోనే ఇమడాలి. లక్షలమంది ఆ పదాలు మాత్రమే చదివి ఓటేస్తారు. అంత బరువు మోసే వాక్యం, ఓటింగ్ అయిపోయాక ఏమైందో ఎవరూ మాకు చెప్పరు.

ప్రతిపాదన 47 సంగతే చూద్దాం. 2014లో వచ్చింది. చిన్న దొంగతనాలకు, సొంతంగా వాడుకోవడానికి డ్రగ్స్ దగ్గర ఉంచుకున్నందుకు శిక్షలు తగ్గించింది. దానివల్ల రాష్ట్రానికి మిగిలేది ఏటా "లో హండ్రెడ్స్ ఆఫ్ మిలియన్స్" (వందల మిలియన్లలో కింది స్థాయి) దాకా వెళ్లొచ్చని మీ అంచనా. ఈ చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. మిగిలిన డబ్బును ఏటా లెక్క తేల్చి, 65 శాతం మానసిక ఆరోగ్య, డ్రగ్స్ చికిత్సలకు, 25 శాతం బడిపిల్లల కోసం, 10 శాతం నేరాల బాధితులకు ఇవ్వాలని అందులోనే రాసుకున్నారు. అంటే ఎం-బుక్‌ను చట్టమే అడిగింది. కొలత మొదలుపెట్టగానే తేడా బయటపడింది. 2016లో తొలి ఏడాది మిగులు 2.93 కోట్ల డాలర్లని ఆర్థిక శాఖ చెప్పింది. అది 10 కోట్ల దాకా తక్కువ చూపిస్తోందని, జైళ్ల మీద మిగిలింది తగ్గించి, కోర్టుల ఖర్చు పెంచి లెక్కేశారని ఎనలిస్ట్ ఆఫీసు అంది. ఒకే చట్టం, ఒకే ఏడాది. అంచనా మీద కలిసి సంతకం పెట్టిన రెండు ఆఫీసులకు రెండు లెక్కలు వచ్చాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎందుకు తేడా వచ్చిందో ఇద్దరూ కాగితం మీద పెట్టారు. నాకు గౌరవం పెరిగింది అక్కడే.

పదేళ్లకు, 2024లో, ఆ 47లో కొంత భాగాన్ని వెనక్కి తిప్పే ప్రతిపాదన 36 వచ్చింది. దాదాపు 68 శాతం మంది ఔనన్నారు. దానివల్ల రాష్ట్రానికి పెరిగే ఖర్చు ఏటా పదుల మిలియన్ల నుంచి మళ్లీ అదే "లో హండ్రెడ్స్ ఆఫ్ మిలియన్స్" దాకా అన్నారు. నాన్నగారి పెన్సిల్ అక్కడే ఆగింది. "వంద మిలియనా, మూడొందలా? వందకీ మూడొందలకీ మధ్య ఎన్ని కాలువలు తవ్వొచ్చు?" అన్నారు. తర్వాత లోపలి పేజీలు తిరగేస్తే, 47 వల్ల గత ఏడాది మిగిలింది సుమారు 95 మిలియన్ (9.5 కోట్ల) డాలర్లు అన్న వాక్యం దొరికింది. దాని పక్కన 2014లో మీరు చెప్పిన మాట మాత్రం లేదు. ఆ రెండూ పక్కపక్కన ఉంటే, పదేళ్ల తర్వాత కూడా మిగులు మీ అంచనాలోని కింది అంచు దగ్గరే ఉందని ఏ ఓటరైనా ఒక్క చూపులో గ్రహించేవాడు. 36 గురించి ఇచ్చిన అంచనాను ఎంతవరకు నమ్మాలో తనే నిర్ణయించుకునేవాడు.

మీరు వెనక్కి తిరిగి చూడగలరు, చూశారు కూడా. ఆస్తి పన్నును 1 శాతానికి, పన్ను లెక్కకు తీసుకునే విలువ పెంపును ఏటా 2 శాతానికి కట్టేసిన ప్రతిపాదన 13 వచ్చింది 1978లో. ఆ ఏడాదే స్థానిక సంస్థలు సుమారు 700 కోట్ల డాలర్లు నష్టపోతాయని అప్పటి గైడ్ చెప్పింది. దానిమీద ప్రచారంలో ఉన్న వాదనలను ఎనలిస్ట్ ఆఫీసు 2016లో విడిగా పరిశీలించి నివేదిక ఇచ్చింది. చాలా మంచి నివేదిక. కానీ అప్పటికి 38 ఏళ్లు గడిచిపోయాయి. ఒక ఇంటికీ పక్కింటికీ పన్నులో ఎన్నో రెట్ల తేడా ఎందుకుందో మా వీధిలో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు ఇప్పటికీ ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు.

స్టెమ్ సెల్ పరిశోధనల కోసం 2004లో ప్రతిపాదన 71 కింద 300 కోట్ల డాలర్ల బాండ్లు అడిగారు. వడ్డీతో 600 కోట్లవుతుందన్నారు. 2020లో ప్రతిపాదన 14తో మళ్లీ వచ్చి ఇంకో 550 కోట్లు అడిగారు, అదీ గెలిచింది. అదే పనికి రెండోసారి డబ్బు అడుగుతున్నప్పుడు మొదటి అంచనా ఎంత నిజమైందో గైడ్ మొదటి పేజీలోనే ఉండాలి కదా.

నేను అడిగేది ఒక్కటే. ఓటర్ గైడ్‌లో ఒక పేజీ ఇవ్వండి. ఐదేళ్ల కిందట, పదేళ్ల కిందట గెలిచిన పౌర ప్రతిపాదనల్లో పెద్దవాటికి, అప్పుడు ఏమన్నాం, ఇప్పటికి ఏమైంది, తేడా ఎందుకొచ్చింది అని రాయండి. ఎంత చట్టం వల్ల, ఎంత కోవిడ్ వల్ల, ఎంత కోర్టు ఉత్తర్వుల వల్ల అని విడదీయలేని చోట, విడదీయలేకపోయామనే రాయండి. అది కూడా మాకు పనికొచ్చే సమాచారమే. గైడ్‌లో పేజీ పెంచడానికి చట్టం మార్చాల్సి వస్తే, ఎనలిస్ట్ గారు ఆ మాట జాయింట్ లెజిస్లేటివ్ బడ్జెట్ కమిటీ ముందు పెట్టండి. అప్పటిదాకా వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ విశ్లేషణ సామాన్య ఓటరుకు అర్థమవుతుందో లేదో ఐదుగురు సభ్యుల కమిటీ చూడాలని, వారిలో ఒకరు రెండు భాషలు తెలిసినవారై ఉండాలని ఎన్నికల చట్టంలోనే ఉంది. ఆ కమిటీ ముందు నాన్నగారి ప్రశ్న పెట్టండి: "లో హండ్రెడ్స్" అంటే ఎంత? అంకె పెట్టగలిగితే అంకె పెట్టండి. గైడ్ హిందీలో వస్తోంది, తెలుగులో రావట్లేదు. కనీసం ఆ ఆర్థిక ప్రభావం వాక్యాలైనా తెలుగులో ఇస్తే, ఇంగ్లిష్ అంతగా రాని పెద్దవాళ్లు పిల్లల్ని అడగకుండా తమ ఓటు తామే వేసుకుంటారు. మా ఇంటికి వచ్చే ఆంటీలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, పౌరసత్వం తీసుకుని ఇరవై ఏళ్లయింది. గైడ్ రాగానే నాకు ఫోన్ చేస్తారు. నేను చెప్పేదాంట్లో నా అభిప్రాయం కలవకుండా ఉండాలని ఎంత జాగ్రత్తపడినా నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

తిరిగి వెళ్లేముందు నాన్నగారు ఒక తెల్లకాగితం మీద స్కేలుతో నాలుగు కాలమ్స్ గీశారు: ప్రతిపాదన నంబరు, ఎస్టిమేట్, కొలత, తేడాకు కారణం. మొదటి వరుసలో 47 అని రాసి, గైడ్‌లో దొరికిన మేరకు నింపారు. కారణం అన్న గడిలో ఏమీ రాయలేదు, "అది వాళ్లే రాయాలి" అన్నారు. ఆ కాగితం నకలు ఇంగ్లిష్ లేఖకు జతచేశాను.

ఇట్లు,
ఫ్రీమాంట్ నుంచి ఒక ఓటరు