ఫెర్రెట్ల గురించీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పెంపుడు జంతువుల ఆరోగ్యం అనగానే అందరూ కుక్క, పిల్లి దగ్గరే ఆగిపోతారు. మా ఇంట్లో ఉన్నది ఫెర్రెట్, అంటే ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే చిన్న జంతువు. పొద్దున లేవగానే నేను ముందు చూసేది అది మలవిసర్జన చేసే లిట్టర్ ట్రేనే. కాఫీ తాగుతూ ఇది చదువుతున్నవాళ్లు క్షమించాలి.

ఇది పూర్తిగా మాంసాహారి. పేగు పొట్టి కాబట్టి తిన్నది 3, 4 గంటల్లోనే బయటికొచ్చేస్తుంది. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు చాలా త్వరగా తగ్గిపోతుంది. మలం తారులా నల్లగా పడితే కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నాయేమోనని అనుమానించాలి. పళ్లు నూరడం, మూతిని కాళ్లతో గీరుకోవడం వికారానికి గుర్తులు. ముక్కుతున్నా ఏమీ రావట్లేదంటే రబ్బరు ముక్క మింగిందేమో! రబ్బరంటే వీటికి ఎంత పిచ్చో పెంచేవాళ్లకే తెలుసు.

మలద్వారం దగ్గర ఎర్రటి కండ బయటికొస్తే చాలామంది మొలలనుకుని ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ రాసేస్తారు. అది పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, జారడం కావచ్చు. విరేచనాలతో, పేగుల్లోని పరాన్నజీవులతో బాధపడే ఫెర్రెట్ పిల్లల్లో ఇది ఎక్కువ. మనమే వేలితో లోపలికి నెట్టకూడదు. ఆ కండను సెలైన్‌తో తడుపుతూ, ఫెర్రెట్ దాన్ని నాక్కోకుండా చూసుకుంటూ అదే రోజు వెటర్నరీ డాక్టర్‌కి చూపించాలి. కండ నల్లబడితే గంట కూడా ఆగొద్దు. తాజా మలం కొంచెం డబ్బాలో పట్టుకెళ్తే పరీక్షకు పనికొస్తుంది. మనుషుల విరేచనాల మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి.

మీ పెంపుడు జంతువుల శీర్షికలో డాక్టర్లతో దీని గురించి వివరంగా రాయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు