రాత్రి రెండింటికి ఎవరిని పిలవాలి?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నెల కింద ఓ రాత్రి, హైదరాబాద్ వారాసిగూడలో మా తమ్ముడు వంటింటి మూలన కూరగాయల కత్తి పట్టుకుని కూర్చున్నాడు. టీవీలో తన పేరే చదువుతున్నారట. ఎవరి మీదికీ రాలేదు, వాడే వణికిపోతున్నాడు. అంబులెన్స్‌కి చేస్తే ముందు పోలీసులు రావాలన్నారు. వచ్చినవాళ్లు కత్తి లాక్కుని చేతులు వెనక్కి విరిచి కట్టారు. అమ్మ చెప్పుల్లేకుండానే జీపు వెనక ఉరికింది. తెల్లారేదాకా స్టేషన్ బెంచీ మీదే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. ఆ కానిస్టేబుల్‌ని తప్పుపట్టను, ఆయనకెవరు నేర్పారు గనక?

మానసిక సాయం కోసం 14416 టెలీ మానస్ ఫోన్ లైన్ 2022 అక్టోబరు నుంచి ఉంది. ఎప్పుడు చేసినా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. మంచి పనే. కానీ కత్తి పట్టుకున్నవాడికి ఫోనెవరిస్తారండీ? మనిషే రావాలి. ఒక నర్సు, ఒక కౌన్సెలర్, యూనిఫాం లేని ఒక పోలీసు ఉన్న బండి, కనీసం జోన్‌కొకటి. 108కి వచ్చే ఇలాంటి కాల్స్ నేరుగా దానికే వెళ్లాలి. అర్ధరాత్రి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా మోసుకెళ్లకుండా ఏరియా ఆసుపత్రుల్లో నాలుగు మంచాలు పెట్టించండి. తర్వాతి మందులు బస్తీ దవాఖానాలో దొరికితే చాలా ఇళ్లల్లో కోర్సు మధ్యలో ఆగదు.

తమ్ముడు ఇప్పుడు నయమే. మణికట్టు మీద తాడు గీత మాత్రం ఇంకా పోలేదు.

ఇట్లు,
వారాసిగూడ నుంచి ఒక అక్క