కొడాక్ చూడలేక పడిపోలేదు

సంపాదకులకు,

సాంకేతికత మారినప్పుడు, వినియోగదారుల అలవాట్లు మారినప్పుడు కంపెనీలు ఏం చేయాలన్న చర్చ వచ్చిందంటే చాలు, పత్రికల వాణిజ్య పేజీల్లో ఫొటో ఫిల్ము, కెమెరాలు అమ్మిన అమెరికా కంపెనీ కొడాక్ పేరు తప్పకుండా కనబడుతుంది. డిజిటల్ కెమెరా వస్తోందని ఆ కంపెనీ గ్రహించలేకపోయిందని, అందుకే 2012 జనవరిలో దివాలా చట్టం కింద రక్షణ కోరవలసి వచ్చిందని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ కథనం వాస్తవానికి దూరంగా ఉండటమే కాక, ఇప్పుడు ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న కంపెనీల వారికి అసలు ప్రమాదం ఎక్కడుందో తెలియకుండా చేస్తుంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

డిజిటల్ కెమెరాను 1975లో రూపొందించినవాడు కొడాక్ ఇంజినీరే. స్టీవెన్ శాసన్ తయారుచేసిన ఆ పరికరం మూడున్నర కిలోలకు పైగా బరువుండేది, ఒక నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. 1978లో దానికి పేటెంటు కూడా వచ్చింది. ఆ తరువాతైనా కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంటర్నెట్‌లో ఫొటోలు దాచుకుని పంచుకునే ఓఫోటో అనే సంస్థను 2001లో కొన్నది. 2005 నాటికి అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. ఇంత చేసిన సంస్థను పట్టుకుని మార్పును చూడలేదనడం ఎలా కుదురుతుంది?

చిక్కంతా రాబడి వచ్చే దారిలో ఉంది. కొడాక్‌కు కెమెరా మీద మిగిలేది తక్కువ. ఆ కెమెరా కొన్నవారు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కొనే ఫిల్ము, ముద్రించే కాగితం, కడగడానికి వాడే రసాయనాలు, వీటి మీదే ఆ సంస్థ బతికింది. డిజిటల్ కెమెరా ఒకసారి అమ్ముడైతే అంతటితో సరి, తరువాత తీసే వందల ఫొటోల మీద కంపెనీకి పైసా రాదు. కొత్త వ్యాపారం ఎంత బాగా సాగితే పాత రాబడి అంత త్వరగా ఎండిపోతుంది. ఆ పాత రాబడి మీద కర్మాగారాలు, పంపిణీదారులు, వేల ఉద్యోగాలు, వాటాదారుల డివిడెండ్లు ఆధారపడి ఉన్నప్పుడు, ఇంకొక్క ఏడాది చూద్దామనే మాటే సమావేశంలో గెలుస్తుంది. అలా అన్నవారు తెలివితక్కువవారేమీ కారు. ఆ ఏడాది లెక్కల ప్రకారం వారు చెప్పింది నిజమే.

వినియోగదారుల అలవాటు సంగతి ఇంకా ఆసక్తికరమైనది, వ్యాసకర్తలు పెద్దగా పట్టించుకోనిది. సాంకేతికతను స్వీకరించిన కొడాక్, ఫొటో తీసినవాళ్లు దాన్ని కాగితం మీద ముద్రించుకుంటారన్న పాత నమ్మకాన్ని మాత్రం వదల్లేదు. అందుకే దుకాణాల్లో ముద్రణ యంత్రాలు పెట్టింది, దివాలాకు ముందు సంవత్సరాల్లో ఇంకుజెట్ ప్రింటర్ల మీద భారీగా ఖర్చు చేసింది. జనం మాత్రం ఫొటోను తెర మీద చూసుకుని, ఒకరికొకరు పంపుకుని ఊరుకున్నారు. కొంతకాలానికి విడిగా కెమెరా కొనడమే మానేసి ఫోనుతో తీయడం మొదలుపెట్టారు. ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆ సంస్థ పుట్టిందే మనుషుల అలవాటును అర్థం చేసుకోవడం వల్ల. 1888లో దాని స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ వంద ఫొటోలకు సరిపడే ఫిల్ము నింపిన కెమెరాను అమ్మి, తీయడం అయిపోయాక దాన్నే తిరిగి కంపెనీకి పంపమన్నాడు. కడిగి, ముద్రించి, కొత్త ఫిల్ము వేసి ఇచ్చే బాధ్యత కంపెనీది. రసాయనాల జోలికి పోకుండా ఫొటోలు తీసుకోవాలని సామాన్యులు కోరుకుంటారని ఆయన కనిపెట్టాడు.

ఇదే దెబ్బ తగిలిన జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్ నిలబడింది. ప్రపంచంలో కలర్ ఫిల్ము గిరాకీ 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆపైన నిలువునా పడిపోయింది. అప్పుడు పగ్గాలు పట్టిన షిగెటాకా కొమోరి ఫొటో విభాగంలో వేల ఉద్యోగాలు తగ్గించాడు. ఆ నిర్ణయం సులువైనదని ఎవరూ అనలేరు. దానితోపాటే తన సంస్థకు నిజంగా చేతనైన పని ఏమిటని లెక్క వేయించాడు. ఫిల్ము తయారీలో వాడే పలుచని పొరల పరిజ్ఞానం ఎల్‌సీడీ తెరలకు పనికొచ్చింది, ఫొటో రంగు వెలిసిపోకుండా కాపాడే రసాయన పరిజ్ఞానం 2007లో చర్మ సౌందర్య సాధనాలకు దారి తీసింది. 2008లో టొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కూడా కలుపుకుంది. అలాగని వేరే రంగాల్లోకి వెళ్తే చాలునన్న సూత్రం కూడా నిలవదు. కొడాక్ 1988లోనే స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల సంస్థను పెద్ద మొత్తం పెట్టి కొని, అప్పుల భారం తగ్గించుకోవడానికి 1994లో అమ్మేసింది.

తొందరపడి చెడిన ఉదాహరణ కూడా ఉంది. టపాలో డీవీడీలు అద్దెకిస్తూ మొదలైన నెట్‌ఫ్లిక్స్, 2007లో ఇంటర్నెట్ ద్వారా నేరుగా సినిమాలు చూపించడం ప్రారంభించింది. 2011లో రెండింటికీ వేర్వేరు రుసుములు పెట్టి, డీవీడీల విభాగాన్ని క్విక్‌స్టర్ అనే వేరే పేరుతో విడదీస్తానని ప్రకటించింది. ఆ ఏడాది జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలల్లో అమెరికాలో సుమారు 8 లక్షల మంది చందాదారులు తప్పుకున్నారు, కొన్ని వారాల్లోనే క్విక్‌స్టర్ ఆలోచనను విరమించుకున్నది. వెళ్లవలసిన దిశ విషయంలో ఆ సంస్థ పొరబడలేదు, వేగం విషయంలో పొరబడింది. డీవీడీల సేవను 2023 సెప్టెంబరు దాకా నడిపింది, అంటే పాత అలవాటు ఉన్నవారి కోసం పదహారేళ్లపాటు రెండు దారులూ తెరిచే ఉంచింది.

ఈ చివరి సంగతిని ఇప్పటి కంపెనీలు బొత్తిగా మరిచిపోయినట్లు కనిపిస్తోంది. మనిషితో మాట్లాడే ఫోను నంబరు తీసేసి, ప్రతి పనికీ యాప్‌లోకి వెళ్లమని, వినియోగదారుల అలవాట్లు మారాయి కనుక ఇలా చేశామని ప్రకటనలు ఇస్తున్నాయి. చాలా సందర్భాల్లో అక్కడ మారింది కంపెనీ ఖర్చుల పట్టికే.

కనుక సంపాదకులకు నా వినతి: ఏదైనా కంపెనీ కాలానికి తగ్గట్టు మారుతోందని ఇకపై రాసేటప్పుడు, దాని ఆదాయంలో ఎంత భాగం ఇప్పటికీ పాత సరుకు మీదే వస్తోందో, ఆ మార్పు భారం కంపెనీ మోస్తోందా కొనుగోలుదారు మోస్తున్నాడా అన్నదీ మీ విలేఖరులు అడిగి రాయాలి. వార్షిక నివేదికల్లో మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది. రెండోదానికి కొనుగోలుదారులనే అడగవలసి ఉంటుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు