శెనక్కాయల రోబోకు ఒళ్లు కుదరాలంటే

అనంతపురం

నాయనా,

నువ్వు గీసి పంపిన రోబో బొమ్మ చూశాను. ఐటీఐలో మా ఫిట్టర్ పిల్లలకు కూడా చూపించాను. తలకు హెడ్‌లైట్, చేతులకు షాక్ అబ్జార్బర్లు, మోకాలికి సైకిల్ పళ్లచక్రం, నడుముకు గడియారం గేర్లు. దేనికదే ఎంతో శ్రద్ధగా వేశావు. కానీ అన్నీ కలిసి ఒక ప్రాణిగా నిలబడలేదు. ఎందుకో ఆలోచించి ఇది రాస్తున్నా.

ముందు దాని పని పట్టుకో. చేన్లో శెనక్కాయలు పీకే రోబో అని నువ్వే రాశావు కదా. మన ఎర్రమట్టి దుమ్ములో కీళ్లన్నీ తెరిచి పెడితే ఎన్నాళ్లు ఆడతాయి? బైక్ ముందు ఫోర్కుకు మడతల రబ్బరు తొడుగు ఉంటుంది చూడు, దాన్ని మోచేతికి, మోకాలికి, మెడకు కూడా వెయ్యి. దుమ్ము నుంచి కాపాడే ఆ తొడుగు ఒంటినిండా కనబడితే చాలు, భాగాలన్నీ చుట్టాలైపోతాయి. చెట్లు పీకేది నేల తడిగా ఉన్నప్పుడు కాబట్టి పాదాలు దిగబడకుండా వెడల్పుగా ఉండాలి. వంగి పనిచేసేటప్పుడు బరువంతా ముందుకు తూగుతుంది. అందుకే బ్యాటరీని వీపు వెనక, నడుము దగ్గర పెట్టు. చేతులు పొడుగ్గా, వీపు కొంచెం వంగి ఉంటే అది ఎలాంటిదో చూడగానే తెలుస్తుంది. ముఖం మీద నవ్వు గీయక్కర్లేదు.

ఇక గేర్లు. పళ్ల సైజు, అంటే మాడ్యూల్, ఒకటైతేనే రెండు గేర్లు కలిసి తిరుగుతాయి. చైన్ కోసం చేసిన సైకిల్ చక్రం పళ్లకు గడియారం గేరు పళ్లు ఎప్పటికీ పట్టవు. చూసేవాళ్లకు ఈ లెక్క తెలియకపోవచ్చు, అయినా ఇది తిరగదని కంటికి తెలిసిపోతుంది. చేతికి పెట్టిన షాక్ అబ్జార్బర్ సిలిండర్ కూడా అంతే. ఎక్కడైనా జేసీబీ పని చేస్తుంటే నిలబడి చూడు. సిలిండర్‌కు రెండు చివర్లా పిన్ను ఉంటుంది, చెయ్యి మడిచేకొద్దీ సిలిండర్ కూడా కొంచెం తిరుగుతుంది. లోపలి రాడ్డు మొత్తం దూరేంత పొడుగు బయటి గొట్టానికి ఉండాలి. నీ బొమ్మలో ఒక చివర గాల్లో ఉంది.

సెలవులకు వచ్చినప్పుడు నిమ్మలకుంట పోదాం. అక్కడి తోలుబొమ్మల్లో తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి, ఆడేలా ముడులతో కలుపుతారు. ఏ ముక్క తీసుకున్నా అవే ఉలి రంధ్రాలు, అదే గీత. విడిగా పడున్న చెయ్యి చూసినా ఏ బొమ్మదో పోల్చుకోవచ్చు. నీ రోబో చెయ్యి ఒక్కటే గీసి ఎవరికైనా చూపించు. ఒంటిని ఊహించగలిగితే నువ్వు సరైన దారిలో ఉన్నట్టే.

బోల్టులు రెండు మూడు సైజుల్లోనే పెట్టు. రంగు అన్నిచోట్లా సమానంగా అరిగినట్టు వెయ్యొద్దు. మట్టి తగిలే వేళ్లు, నేలకు ఆనే మోకాళ్లు అరుగుతాయి, పిన్నుల చుట్టూ గ్రీజు నల్లగా చేరుతుంది, వీపు మీద మాత్రం కొత్త పెయింటే ఉంటుంది. ఈ తేడా చూపించడం నాకు చాలా ఇష్టం, దీనికి మాత్రం టైమ్ పెట్టు.

ఈసారి ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పూర్తిగా వంగినప్పుడు ఒకటి వేసి పంపు. ప్రతి పిన్నునూ ఎర్ర చుక్కతో గుర్తు పెట్టు. రాత్రి కూర్చుని ఒక్కో కీలూ చూస్తాను. సబ్మిషన్ టెన్షన్‌లో తిండి మానొద్దు.

మీ అమ్మ