సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక: అత్యవసర సహాయ వాలంటీర్ల విభాగం

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది ప్రాథమిక శిక్షణ, పునశ్చరణ తరగతులు, ఒక పెద్ద మాక్ డ్రిల్ జరిగాయి. ముందుగా ఆ డ్రిల్ గురించే చెప్పాలి. ఇన్నాళ్ల మన పనిలో చెప్పుకోదగ్గది అదే.

భవనం కూలిందనుకుని చేసిన విన్యాసం అది. క్షతగాత్రులుగా నటించిన వారి మెడలో ఊపిరి, నాడి వివరాలు రాసిన కార్డులు వేలాడదీశాం. మొదట "నడవగలిగిన వాళ్లు ఇటు రండి" అని గట్టిగా పిలవాలి. వచ్చిన వారికి ఆకుపచ్చ ట్యాగ్, అంటే చిన్న గాయాలే. మిగిలిన వారి దగ్గరికి మనమే వెళ్లాలి. ఊపిరి నిమిషానికి 30 దాటినా, గోరు నొక్కి వదిలాక 2 సెకన్లలో రంగు తిరిగి రాకపోయినా, చెప్పిన చిన్న పని చేయలేకపోయినా ఎరుపు, అంటే వెంటనే చికిత్స అందాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే పసుపు, అంటే కాస్త ఆగగలరు. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి శ్వాసమార్గం తెరవాలి. ఊపిరి వస్తే ఎరుపు, అప్పటికీ రాకపోతే నలుపు, అంటే బతికే ఆశ లేదు, అక్కడి నుంచి కదలాలి. ఒక్కొక్కరి దగ్గర నిమిషం దాటకూడదు.

చాలామంది తడబడింది ఇక్కడే. మొదట కనబడిన వ్యక్తికి కట్టు కట్టడం మొదలుపెట్టి అక్కడే ఉండిపోయారు. కొందరు అరిచేవాళ్ల దగ్గరికే పరుగెత్తారు. అరవగలుగుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే, చప్పుడు చేయని మనిషిని ముందు చూడాలి. నల్ల ట్యాగ్ వేయడానికి చేతులు రాలేదన్నారు. అర్థం చేసుకోగలం. కానీ అంతమంది గాయపడిన చోట ఒకరికి సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీని పదేపదే నొక్కడం) చేస్తూ కూర్చుంటే, రక్తం కారుతున్న మరో ఇద్దరు చేజారిపోతారు.

శిథిలాల కింద నుంచి మనిషిని తీసే పని మాత్రం మెచ్చుకోదగ్గట్టు సాగింది. మీటకర్రతో అంగుళం లేపడం, ఆ అంగుళంలో చెక్కదిమ్మె దూర్చడం, ఆ తర్వాతే మళ్లీ లేపడం. దిమ్మెలకు రంగు పూయొద్దని మళ్లీ చెబుతున్నాను: పగుళ్లు కనబడవు, పైగా ఒకదాని మీద ఒకటి జారతాయి. గదుల గాలింపులో ఒక లోపం బయటపడింది. లోపలికి వెళ్లేటప్పుడు తలుపు పక్కన ఒక ఏటవాలు గీత, బయటికొచ్చాక రెండో గీత గీసి ఇంటూ గుర్తు పూర్తి చేయాలి. ఒక జట్టు రెండో గీత మరిచింది. వాళ్లు ఇంకా లోపలే ఉన్నారనుకుని మరో జట్టు వెతుకుతూ ఉండిపోయింది.

ఇక తరగతులు. సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. అలసినవాళ్లు చేతులు ఛాతీ మీదే ఆనించి ఉంచుతున్నారు. దాంతో గుండెలోకి రక్తం తిరిగి నిండదు. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. రక్తస్రావం ఆపే టూర్నికెట్‌ను, అంటే పుల్ల తిప్పి బిగించే పట్టీని, గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద పడకుండా కట్టి, కట్టిన సమయం రాయాలి. నొప్పికి అవతలి మనిషి కేకపెట్టగానే తిప్పడం ఆపేస్తున్నారు. రక్తం ఆగేదాకా బిగించాల్సిందే. మంటలార్పే సిలిండర్ పట్టుకున్నప్పుడు బయటపడే దారి వెనకే ఉండాలి. 5 సెకన్లలో మంట లొంగకపోతే వదిలేసి బయటికి రావాలి.

సాయం చేసే మనసుంటే చాలదా, ఇన్ని తరగతులెందుకని అడిగే సభ్యులున్నారు. 1985 మెక్సికో సిటీ భూకంపంలో శిక్షణ లేని వాలంటీర్లు 800 మందికి పైగా బాధితులను కాపాడారు. ఆ ప్రయత్నంలో 100 మందికి పైగా వాలంటీర్లే చనిపోయారు. జవాబు అందులోనే ఉంది.

పునశ్చరణ తరగతుల హాజరు గురించి రాయకుండా ఉండలేను. సర్టిఫికెట్ చేతికొచ్చాక చాలామంది ముఖం చూపించలేదు. సీపీఆర్ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సడలడం మొదలవుతుంది. గోడకు తగిలించిన సర్టిఫికెట్ దాన్ని ఆపదు. ప్రతిసారీ వచ్చి చాపలు పరిచింది, సీపీఆర్ సాధన బొమ్మలు తుడిచింది ఆ కొద్దిమందే. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి ఫొటోలు అయ్యాక, డ్రిల్ మొదలవకముందే వెళ్లిపోయారు. శిక్షణ స్థలం కోసం ఇచ్చిన అర్జీకి ఇప్పటికీ జవాబు లేదు, గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకూ లేదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతపరిచాం. ఎక్కువ ఖర్చు కట్టుసామగ్రికి, వాకీటాకీల బ్యాటరీలకు అయింది. సందేహాలుంటే కోశాధికారిగారిని అడగండి.

శిక్షణ ఇచ్చిన అగ్నిమాపక సిబ్బందికి, నర్సులకు, గంటల తరబడి నేల మీద పడుకుని క్షతగాత్రులుగా నటించిన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు, స్ట్రెచర్లు ఇచ్చినవారికి, దిమ్మెలు కోసిచ్చిన వడ్రంగి మిత్రులకు, నీళ్లు మోసిన మహిళా విభాగానికి, మైకు పెట్టినవారికి కృతజ్ఞతలు.

జట్టు నాయకుల ఖాళీలకు పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వాలి. డ్రిల్ రోజు పిలుపు జాబితాలోని నంబర్లు చాలా పనిచేయలేదు. ఫోన్ మార్చినవారు వెళ్లేముందు రిజిస్టర్‌లో దిద్దించండి.

— కార్యదర్శి